పదిహేను శాతంలో మన వాడ ఎక్కడుంది?

2025 ఏప్రిల్ 2, 3 తేదీల్లో బెర్లిన్‌లో ప్రపంచ వికలాంగుల శిఖరాగ్ర సదస్సు జరిగింది. జర్మనీ, జోర్డాన్ ప్రభుత్వాలు, అంతర్జాతీయ వికలాంగుల కూటమి కలిసి నిర్వహించాయి. ఇది మూడోది. మొదటిది 2018లో లండన్‌లో, రెండోది 2022లో నార్వే ఆధ్వర్యంలో ఆన్‌లైన్‌లో జరిగాయి. బెర్లిన్‌లో ప్రభుత్వాలు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు వందల కొద్దీ హామీలు ఇచ్చాయి. అమ్మాన్-బెర్లిన్ డిక్లరేషన్ అనే పత్రం విడుదలైంది. దాని నినాదం 'పదిహేను శాతం మందికి పదిహేను శాతం'.

మన సంఘాల్లో దీని గురించి చర్చ జరిగినట్టు నేనైతే వినలేదు. వికలాంగుల సమస్య వికలాంగుల సంఘాలు చూసుకుంటాయిలే అన్న భావన మనలో ఉంది. అటువైపు కులం సంగతి దళిత సంఘాలు చూసుకుంటాయన్న భావన ఉంది. ఈ రెండిటి మధ్య పడిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో వికలాంగులైన ఎస్సీలు సుమారు 49 లక్షల మంది. అందుకే బెర్లిన్‌లో ఏం అనుకున్నారో, అది మనకి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో కొంచెం వివరంగా చూద్దాం.

పదిహేను శాతం అంటే డబ్బు కాదు

ముందుగా ఆ నినాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు 2011లో విడుదల చేసిన నివేదిక ప్రపంచ జనాభాలో సుమారు 15 శాతం మంది ఏదో ఒక వైకల్యంతో జీవిస్తున్నారని లెక్కగట్టింది. 2022లో ఆరోగ్య సంస్థ ఆ లెక్కని 16 శాతానికి, అంటే 130 కోట్ల మందికి పెంచింది. నినాదంలోని మొదటి పదిహేను అక్కడి నుంచి వచ్చింది.

రెండో పదిహేను దగ్గరే చాలామంది పొరబడతారు. అభివృద్ధి నిధుల్లో 15 శాతం వికలాంగులకి ఇస్తారని కాదు. వివిధ దేశాల్లో అమలయ్యే అంతర్జాతీయ అభివృద్ధి కార్యక్రమాల్లో కనీసం 15 శాతం కార్యక్రమాలు వికలాంగుల భాగస్వామ్యాన్ని తమ లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకోవాలి. అంతే. లెక్కించేది కార్యక్రమాలని, రూపాయల్ని కాదు. ఇలా లెక్కించడానికి ధనిక దేశాల ఆర్థిక సహకార సంస్థ 2018 నుంచి ఒక గుర్తింపు పద్ధతి పెట్టింది. ప్రాజెక్టు ముఖ్య ఉద్దేశమే వికలాంగుల భాగస్వామ్యం అయితే రెండు మార్కులు, ఉద్దేశాల్లో అదొకటి అయితే ఒక మార్కు, అసలు లేకపోతే సున్నా. మార్కు వేసేది డబ్బిచ్చే దేశమే, తన ప్రాజెక్టుకి తనే.

సబ్‌ప్లాన్ కోసం కొట్లాడినవాళ్లకి ఈ కథ తెలియనిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. జనాభా దామాషాలో నిధులు అన్నది దాని సూత్రం. ఆ తర్వాత ఏళ్ల తరబడి మనం చూసింది ఏమిటి? అందరికీ వేసే రోడ్డులో, అందరికీ ఇచ్చే కరెంటులో ఎస్సీల వాటా ఇంత అని కాగితం మీద రాసుకుని, ఆ మొత్తాన్ని సబ్‌ప్లాన్ ఖర్చుగా చూపించడం. శాతం నిండుతుంది, వాడ మాత్రం అలాగే ఉంటుంది. బెర్లిన్ పదిహేను శాతాన్ని కూడా ఆ అనుమానంతోనే చూడాలి. ఒక స్కూలు భవనానికి ర్యాంపు కట్టి మొత్తం ప్రాజెక్టుకి ఒక మార్కు వేసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇంకో మాట. ఈ హామీలు చట్టబద్ధమైనవి కావు. ఇచ్చినవాళ్లు నిలబెట్టుకోకపోతే అడిగే కోర్టు లేదు. పైగా సదస్సు జరిగిన సమయమూ మంచిది కాదు. ఆ ఏడాది మొదట్లోనే అమెరికా తన విదేశీ సహాయ సంస్థని దాదాపు కూల్చేసింది. బ్రిటన్ తన సహాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి తగ్గిస్తానని ఫిబ్రవరిలో ప్రకటించింది. తగ్గిపోతున్న కుండలోంచి పదిహేను శాతం అన్నమాట. భారతదేశం విషయానికొస్తే, మన ప్రభుత్వాల సొంత బడ్జెట్ ముందు విదేశీ సహాయం చాలా చిన్నది. బెర్లిన్ డబ్బు మన వాడకి నేరుగా వచ్చేదేమీ లేదు.

అయినా పట్టించుకోవాలి. ఎవరిని లెక్కపెట్టాలి, ఎలా లెక్కపెట్టాలి అన్న పద్ధతులు ఇలాంటి చోట్లే స్థిరపడతాయి. తర్వాత అవే మన జీవోల్లోకి, సర్వే ఫారాల్లోకి దిగుతాయి.

2.21 ఎక్కడ, 15 ఎక్కడ

ప్రపంచంలో 15 శాతం అన్నప్పుడు, 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో వికలాంగులు 2.21 శాతమే. 2 కోట్ల 68 లక్షల మంది. మన దేశంలో జనం అంత ఆరోగ్యంగా ఉన్నారా? కాదు. తేడా ప్రశ్నలో ఉంది.

2011 ఫారంలో తొమ్మిదో ప్రశ్న, ఈ వ్యక్తికి శారీరక లేదా మానసిక వైకల్యం ఉందా అని అడిగింది. ఉంటే ఎనిమిది రకాల్లో ఏదో ఒకటి గుర్తించాలి. గుమ్మం దగ్గర నిలబడిన ఎన్యూమరేటరు ఆ ప్రశ్న అడిగితే, పెళ్లి కావాల్సిన కూతురున్న తల్లి ఏమంటుంది? కళ్లు మసకబారిన ముసలాయన తనని తాను వికలాంగుడిగా అనుకుంటాడా? వయసు మీద పడింది అనుకుంటాడు. వాషింగ్టన్ గ్రూపు అని పిలిచే అంతర్జాతీయ పద్ధతి వేరుగా అడుగుతుంది. చూడ్డంలో, వినడంలో, నడవడంలో, గుర్తుపెట్టుకోవడంలో, సొంత పనులు చేసుకోవడంలో, మాట్లాడి అర్థం చేయించడంలో మీకు ఇబ్బంది ఉందా, ఉంటే ఎంత? వైకల్యం అన్న మాటే అందులో రాదు. ఈ ఆరు ప్రశ్నలు వాడిన చోట సంఖ్య సాధారణంగా పెరుగుతుంది.

తక్కువగా లెక్కపెట్టిన ఆ 2011 అంకెల్లో కూడా కులం కనిపిస్తుంది. ఎస్సీ జనాభాలో వికలాంగులు 2.45 శాతం. ఎస్టీల్లో 2.05, మిగతావారిలో 2.18. ఎస్టీల అంకె తక్కువగా ఉండటం చూసి సంతోషించనక్కర్లేదు. గుర్తించే డాక్టరు, చేరే దారి లేని చోట వైకల్యం లెక్కకి రాకపోవడం కూడా అందులో కలిసి ఉండొచ్చు. ఎస్సీల అంకె గురించి మాత్రం ఆలోచించాలి. పుట్టుకతో వచ్చే వైకల్యానికి కులం తెలియదు. మరి ఈ తేడా ఎక్కడిది?

కొంత పేదరికం, పోషకాహార లోపం, కాన్పు సమయంలో అందని వైద్యం. కొంత మనం చేసే పని. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు, రాతి క్వారీలు, పురుగుమందు కొట్టే పొలాలు, భవన నిర్మాణం. మురుగు పనిలో చనిపోయినవారి గురించి మనం మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. చావకుండా బయటపడి, ఊపిరితిత్తులు పాడై, చూపు దెబ్బతిని మంచాన పడినవాళ్ల గురించి అంతగా మాట్లాడం. 2023 అక్టోబర్ 20న బల్‌రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మురుగు మరణాలకి పరిహారాన్ని 30 లక్షలకి పెంచిన సంగతి చాలామందికి తెలుసు. అదే తీర్పులో, శాశ్వత వైకల్యం వచ్చి బతుకుతెరువు పోయినవారికి 20 లక్షలకి తగ్గకుండా, ఇతర వైకల్యాలకి 10 లక్షలకి తగ్గకుండా ఇవ్వాలని కూడా ఉంది. ఈ రెండో భాగాన్ని పట్టుకుని కలెక్టరేట్ మెట్లెక్కిన సంఘాలు ఎన్ని? కులం ఒక మనిషికి ఏ పని ఇవ్వాలో నిర్ణయిస్తుంది, ఆ పని ఆ మనిషి శరీరాన్ని నిర్ణయిస్తుంది. బెర్లిన్ భాషలో దీనికి పేరు లేదు.

ఒప్పందంలో లేని మాట

వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబర్ 13న ఆమోదించింది. భారత్ 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టానికి ఆధారం అదే. ఒప్పందం ముందుమాటలో బహుళ వివక్ష గురించి ఉంది. జాతి, రంగు, లింగం, భాష, మతం, సామాజిక మూలం, ఆస్తి, పుట్టుక, వయసు అంటూ పెద్ద జాబితా. కులం అన్న మాట లేదు.

2001లో డర్బన్ సదస్సు సంగతి గుర్తున్నవాళ్లకి ఇది వింత కాదు. జాతివివక్షకి వ్యతిరేకంగా జరిగిన ఆ ప్రపంచ సదస్సులో కులం ప్రస్తావన రాకుండా మన ప్రభుత్వం గట్టిగా అడ్డుపడింది. కులం మా ఇంటి విషయం అన్నది దాని వాదన. ఆ మరుసటి ఏడాది జాతివివక్ష నిర్మూలన కమిటీ తన 29వ సాధారణ సిఫార్సులో, ఒప్పందంలోని 'వంశం' అన్న మాటలోకి కులం కూడా వస్తుందని తేల్చింది. అలా దొడ్డిదారిన కులం అంతర్జాతీయ చట్టంలోకి వచ్చింది. వికలాంగుల ఒప్పందంలో కూడా 'పుట్టుక', 'సామాజిక మూలం' అన్న రెండు కిటికీలు ఉన్నాయి. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 17.18వది ఇంకాస్త స్పష్టంగా ఉంది. ఆదాయం, లింగం, వయసు, వైకల్యం వగైరాల వారీగా గణాంకాలు విడదీయాలని చెప్పి, చివర్లో ఆయా దేశాల పరిస్థితికి సంబంధించిన ఇతర లక్షణాల వారీగా కూడా అని కలిపింది. మన దేశ పరిస్థితికి సంబంధించిన లక్షణం ఏమిటో వేరే చెప్పాలా?

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్క విషయం. 2015 చివర్లో ప్రధాని 'దివ్యాంగులు' అన్న పదం తెచ్చారు. వికలాంగుల సంఘాలు చాలా వ్యతిరేకించాయి. లోపాన్ని దైవత్వంగా పొగిడితే హక్కు అడిగే నోరు మూతపడుతుందని వారి వాదన. హరిజన అన్న పదాన్ని మనం ఎందుకు వద్దన్నామో తెలిసినవారికి ఆ కోపం అర్థం చేసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. దేవుడి మనుషులని పిలిచినవాళ్లెవరూ గుళ్లోకి రానివ్వలేదు కదా.

ఎవరు చెయ్యి పట్టుకుంటారు?

బెర్లిన్ వంటి సదస్సుల్లో రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి అందుబాటు, రెండోది తోడ్పాటు. అందుబాటు అంటే ర్యాంపు, లిఫ్టు, బ్రెయిలీ, సైగల భాష. తోడ్పాటు అంటే ఒక మనిషి రోజువారీ జీవితం గడపడానికి కావలసిన ఇంకో మనిషి సాయం.

మన ఊళ్లో ఈ రెండూ కులంతో ముడిపడి ఉన్నాయి. వాడ ఊరి చివర ఉంటుంది. పంచాయతీ ఆఫీసు, ఆసుపత్రి, రేషన్ షాపు, బస్టాపు ఊరి నడుమ ఉంటాయి. మూడు చక్రాల బండి మీద వెళ్లే మనిషికి ఆ దూరమే మొదటి మెట్టు. ఆఫీసు ముందు ర్యాంపు కట్టడం అందుబాటే, కానీ అది ఆఖరి పది అడుగులు.

తోడ్పాటు సంగతి ఇంకా లోతైనది. చూపులేని మనిషికి రోడ్డు దాటడానికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. కాళ్లు లేని మనిషిని బస్సెక్కించడానికి ఎవరో ఎత్తుకోవాలి. తోడ్పాటు అంటేనే తాకడం. తాకడమే నేరమైన చోట చూపులేని మాదిగ అమ్మాయికి ఎవరు చెయ్యి అందిస్తారు? ముందు ఎవరమ్మాయివి అని అడిగి, తర్వాత కదా చెయ్యి చాపేది. అటు తిరిగి చూస్తే, పై కులాల ఇళ్లలో మంచానపడ్డవారికి స్నానం చేయించి, మలమూత్రాలు ఎత్తే పనికి వచ్చేది ఎక్కువగా ఎవరి ఆడవాళ్లు? వికలాంగుల అధ్యయనాల్లో సంరక్షణ గురించి నేను చదివిన పుస్తకాల్లో చాలావరకు ఈ ప్రశ్నని తాకలేదు.

ఒక తీర్పు

ఈ రెండు చట్టాలూ ఒకే మనిషి మీద కలిసినప్పుడు ఏమవుతుందో చూడాలంటే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసు ఉంది. పాటన్ జమాల్ వలీ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 2021 ఏప్రిల్ 27. న్యాయ విద్యార్థులు తప్పక చదవాలి. పుట్టుకతో చూపులేని ఒక దళిత యువతిపై 2011లో అత్యాచారం జరిగింది. నిందితుణ్ని ఆమె గొంతు ద్వారా గుర్తుపట్టింది. కింది కోర్టు ఐపీసీ కింద, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కూడా జీవిత ఖైదు వేసింది, హైకోర్టు సమర్థించింది.

సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పు కులం, లింగం, వైకల్యం ఒకదాని మీద ఒకటి ఎలా పేరుకుంటాయో పేజీల కొద్దీ వివరించింది. అమెరికా నల్లజాతి స్త్రీవాదుల ఆలోచనలని ఉదహరించింది. చూపులేదన్న కారణంతో సాక్ష్యాన్ని తక్కువ చేయకూడదని చెప్పింది. వికలాంగ బాధితుల కోసం శిక్షణ పొందిన అధ్యాపకులు, అనువాదకులు ఉండాలని, నేర గణాంకాల్లో వైకల్యం వివరాలు విడిగా సేకరించే విషయం ఆలోచించాలని సూచించింది. అత్యాచార నేరానికి జీవిత ఖైదుని ఖాయం చేసింది.

కానీ అట్రాసిటీ చట్టం కింద పడ్డ శిక్షని కొట్టేసింది. నేరం జరిగిన నాటికి చట్టంలో ఉన్న మాట ప్రకారం, బాధితురాలు ఎస్సీ అన్న కారణంగా నేరం జరిగిందని ప్రాసిక్యూషన్ నిరూపించాలి. ఆ ఆధారం లేదంది కోర్టు. ఆమె మీద దాడి జరిగింది చూపు లేనందుకా, ఆడది అయినందుకా, దళితురాలు అయినందుకా? వేర్వేరుగా విడదీసి చూపించమంటే ఎవరు చూపించగలరు? విడదీయడం ఎంత కష్టమో తీర్పు తానే ఒప్పుకుంది, చివరికి ఆ విడదీయలేనితనం బరువు బాధితురాలి వైపే పడింది. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణ వల్ల ఇప్పుడు బాధితురాలు ఎస్సీ అని నిందితుడికి తెలిసి ఉంటే చాలు. కాబట్టి కొత్త కేసుల్లో ఈ అడ్డు లేదు. ఇలాంటి కేసుల్లో అట్రాసిటీ సెక్షన్లతో పాటు వికలాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్ కూడా ఎఫ్ఐఆర్‌లో వేయించాలి. మన లాయర్లలో చాలామంది ఆ సెక్షన్ అడగరు, పోలీసులు తమంతట తాము వేస్తారని ఆశించలేం.

రిజర్వేషన్లలోనూ ఇదే చిక్కు. ఎస్సీ కోటా నిలువుది, వికలాంగుల కోటా అడ్డంగా వెళ్లేది. ఉద్యోగాల్లో 4 శాతం వికలాంగులకి ఇవ్వాలి, ఎంపికైనవారిని వారి వారి కులం కోటాలో సర్దుతారు. ఆ 4 శాతంలో ఎంతమంది దళితులు ఉండాలో చట్టం చెప్పదు. చదువుకి దగ్గరగా ఉన్న కుటుంబాల వికలాంగ పిల్లలే ముందు చేరతారు. 2020లో ఆర్యన్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు, వికలాంగులు కూడా ఎస్సీ ఎస్టీల మాదిరే సామాజికంగా వెనుకబడినవారని, ప్రవేశ పరీక్షలో వారికిచ్చే సడలింపు వీరికీ ఇవ్వాలని చెప్పింది. మంచి తీర్పు. ఆ పోలికలో మాత్రం వికలాంగుడు ఒకడు, ఎస్సీ మరొకడు. ఇద్దరూ ఒకే మనిషి అయితే అన్న ప్రశ్న అక్కడ రాలేదు.

చేతిలో ఉన్నవి

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా రాబోయే జనాభా లెక్కల్లో అన్ని కులాలనీ లెక్కపెడతామని కేంద్రం ప్రకటించింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తిస్తుంది, పాత ఫారం ఎనిమిదింటినే గుర్తించింది. వైకల్యం గణాంకాలని ఎస్సీ మొత్తంగా కాక ఒక్కో కులం వారీగా ప్రచురించమని అడగాలి. పారిశుద్ధ్యంలో తరాలుగా ఉన్న రెల్లి, మెహతర్ కులాల్లో వైకల్యం ఎంతో అప్పుడే తెలుస్తుంది. వర్గీకరణ మీద ఏ వైపు ఉన్నవారికైనా ఆ లెక్క కావాలి.

సదరం సర్టిఫికెట్ ఇంకో చోటు. 40 శాతం దాటితేనే పింఛను, రాయితీ. ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 6,000, తెలంగాణలో 4,016 అంటే ఒక కూలి కుటుంబానికి చిన్న మొత్తం కాదు. కేంద్రం వాటా మాత్రం 80 శాతం వైకల్యం ఉన్నవారికి నెలకి 300 దగ్గరే ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగిన పునఃపరిశీలనలో చాలామందికి పింఛను ఆపుతామని నోటీసులు వచ్చాయి. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, కాదనను. అయితే అప్పీలుకి జిల్లా ఆసుపత్రి దాకా వెళ్లడానికి ఒక తోడు మనిషి, ఇద్దరి చార్జీలు, పోయిన ఒక రోజు కూలి కావాలి. ఆ ఖర్చు భరించలేక ఇంట్లో ఉండిపోయినవారిని దొంగల లెక్కలో వేయకూడదు.

అన్నిటికన్నా వాడకుండా వదిలేసింది 37వ సెక్షన్. 2016 చట్టంలోని ఆ సెక్షన్ ప్రకారం పేదరిక నిర్మూలన పథకాలన్నిటిలో, సాగు భూమి, ఇళ్ల కేటాయింపులో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 5 శాతం వాటా, అందులో స్త్రీలకి ప్రాధాన్యం ఉండాలి. ఎస్సీ కార్పొరేషన్ రుణాలు పేదరిక నిర్మూలన పథకమే. 2021లో మొదలైన దళితబంధు కూడా. ఇళ్ల పట్టాలు కూడా. మీ జిల్లాలో గత ఐదేళ్లలో ఎస్సీ కార్పొరేషన్ ఇచ్చిన యూనిట్లు ఎన్ని, అందులో వికలాంగులకి ఎన్ని, వికలాంగ స్త్రీలకి ఎన్ని? ఈ మూడు ప్రశ్నలతో పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు వేయొచ్చు. ఇదే ప్రశ్నని తిప్పి, వికలాంగుల సంక్షేమ శాఖ ఇచ్చిన మూడు చక్రాల బండ్లు, స్వయం ఉపాధి రుణాల్లో ఎస్సీలకి ఎన్ని అని రెండో దరఖాస్తు వేయాలి. రెండు శాఖల జవాబులూ పక్కపక్కన పెట్టి, సదరం జాబితాతో పోల్చి చూడండి. మా వద్ద ఆ విధంగా వివరాలు లేవు అని జవాబొస్తే దాన్నీ జాగ్రత్తగా దాచండి, మొదటి అప్పీలులో పనికొస్తుంది.